గని రొద – కార్మికుని చెవి

తెనాలి, రేపల్లె ప్రాంతం నల్లరేగడి మాగాణి. బాపట్ల వైపు పోతే ఇసుక, ఆ తర్వాత సముద్రం. ఈ నేలలో ఎంత తవ్వినా మట్టి, నీళ్లు తప్ప రాయి దొరకదు. అయినా ఈ మూడు పట్టణాల్లో ఏ కొత్త ఇంట్లో అడుగుపెట్టినా కాలికింద చల్లగా తగిలేది రాయే. వంటగది గట్టు గ్రానైటు, మెట్లు గ్రానైటు, కల్యాణమండపం గ్రానైటు. ఈ రాయి ఎక్కడో దూరాన్నుంచి వచ్చింది కాదు. అద్దంకి, మార్టూరు దారి పడితే కొద్ది గంటల్లోనే దాని పుట్టినిల్లు చేరవచ్చు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు అంతకుముందు ప్రకాశం జిల్లాలో ఉన్న బల్లికురవ, మార్టూరు మండలాలను అందులో చేర్చారు. బల్లికురవ చుట్టుపక్కల కొండలను తొలిచి దిమ్మెలు తీస్తారు. మార్టూరు పరిసరాల ఫ్యాక్టరీల్లో వాటిని పలకలుగా కోసి మెరుగు పెడతారు. జిల్లాల సరిహద్దు గీతలు ఎటు జరిగినా కొండ అక్కడే ఉన్నది, దానిని కోసే మనిషీ అక్కడే ఉన్నాడు.

ఆ మనిషి గురించి పత్రికలు రాసేది చాలావరకు అతను చచ్చిపోయిన రోజున. 2025 ఆగస్టు 3న బల్లికురవ దగ్గరి ఒక గ్రానైటు క్వారీలో రాళ్లు విరిగిపడి ఆరుగురు కార్మికులు మరణించారు. ఆరుగురూ ఒడిశానుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు. ఆ వార్త రెండు మూడు రోజులు నడిచి ఆగిపోయింది. ఇటువంటి చావు అందరికీ కనబడుతుంది. దాని పక్కనే, అదే క్వారీల్లో, రోజూ కొంచెం కొంచెంగా జరిగే మరో నష్టం మాత్రం ఎవరికీ కనబడదు. అది నెత్తురు రాని గాయం. నొప్పి ఉండదు. పదేళ్లకో పదిహేనేళ్లకో బయటపడుతుంది. అప్పటికి కార్మికుడు ఆ క్వారీలో ఉండడు, కొన్నిసార్లు ఆ రాష్ట్రంలోనే ఉండడు. శబ్దం వల్ల వచ్చే చెముడు అటువంటి నష్టం. ఈ వ్యాసం దాన్ని గురించే.

చెవి ఎలా చెడుతుంది

మొదట శరీర ధర్మం తెలుసుకుందాం. ధ్వని అంటే గాలిలో పుట్టే ఒత్తిడి అల. అది కర్ణభేరిని కదిలిస్తుంది. కర్ణభేరి వెనక ఉన్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలిచెవికి అందిస్తాయి. లోపలిచెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టం ఉన్నది. అది నిండా ద్రవం. ఆ గొట్టం పొడుగునా వరసలు తీర్చిన రోమకణాలు ఉంటాయి. ఒక్కొక్క చెవిలో ఇవి సుమారు పదిహేనువేలు. ద్రవంలో పుట్టిన అల ఈ కణాల కొసలనున్న సన్నని రోమాలను వంచుతుంది. ఆ వంపునుంచి నాడీ సంకేతం పుట్టి మెదడుకు చేరుతుంది. మనం “వినడం” అంటున్నది ఇదే.

వరిచేను గాలికి వంగి లేచినట్టు ఈ రోమాలు వంగి లేస్తాయి. మామూలు గాలికి చేనుకు ఏమీ కాదు. తుఫాను గాలికి పడిన చేను, ఈనిక దశ దాటిపోతే, మళ్లీ లేవదు. చెవి సంగతీ అంతే. ఒకరోజు పెద్ద రొదలో పనిచేసి వచ్చిన మనిషికి రాత్రి చెవులు దిబ్బళ్లు వేసినట్టుంటాయి. జోరీగ దూరినట్టు గుయ్యిమని మోత వినిపిస్తుంది. తెల్లవారేసరికి తగ్గిపోతుంది. కణాలు అలిసిపోయి విశ్రాంతితో కోలుకున్నాయన్నమాట. అదే రొదలో రోజుకు ఎనిమిది, పది గంటల చొప్పున నెలలు, ఏళ్లు పనిచేస్తే కోలుకోవడానికి వ్యవధి చాలదు, కణాలు చచ్చిపోతాయి. మనిషికి చర్మం తెగితే మళ్లీ వస్తుంది, ఎముక విరిగితే అతుకుతుంది. చచ్చిన రోమకణం మాత్రం తిరిగి పుట్టదు. దాన్ని పుట్టించే మందు ఈనాటికీ వైద్యుల చేతిలో లేదు.

మందుపాతర పేలుడు వంటి శబ్దం ఇంకొక పద్ధతిలో దెబ్బ తీస్తుంది. అది ఒక్క క్షణంలో కర్ణభేరిని చీల్చవచ్చు, రోమకణాలను పీకివేయవచ్చు. క్వారీలో పనిచేసే మనిషి ఈ రెండు రకాల దెబ్బలకూ గురి అవుతాడు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. శబ్దం వల్ల వచ్చే చెముడు అన్ని ధ్వనులనూ ఒకేసారి మింగదు. మొదట 4000 హెర్ట్జ్ దగ్గరి సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు పోతాయి. తర్వాత అటూ ఇటూ విస్తరిస్తుంది. మన మాటల్లో అచ్చులు బలమైనవి, స్థాయి తక్కువవి. వాటికి మొదట్లో ముప్పు లేదు. క, చ, ట, త, ప, స వంటి పరుష ధ్వనులు బలహీనమైనవి, స్థాయి ఎక్కువవి. ముందు జారిపోయేవి ఇవే. కాలు, పాలు, చాలు, తాలు – ఈ నాలుగు మాటలూ అటువంటి చెవికి “ఆలు” అన్నట్టే వినబడతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అందుకే ఈ కార్మికుడు “నాకు చెవుడు లేదు, మీరే సరిగా మాట్లాడరు” అంటాడు. ఇంటివాళ్లు గట్టిగా అరిస్తే “అరుస్తావెందుకు?” అని కోప్పడతాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. చెడిన చెవికి మెల్లని ధ్వని అందదు, గట్టి ధ్వని మామూలు మనిషికంటె ఎక్కువ బాధ పెడుతుంది. వినడానికీ బాధపడడానికీ మధ్య ఉన్న ఎడం కుంచించుకుపోతుంది. చెవి మిషను పెట్టినా పోయిన స్పష్టత పూర్తిగా రాకపోవడానికి ఇదొక కారణం.

లెక్కలో ఉన్న మోసం

శబ్దాన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు. ఈ కొలతను మనం కిలోలు, మూరలు లెక్కించినట్టు లెక్కించకూడదు. 90 డెసిబెల్‌లనుంచి 100కు పోతే పదికి ఒకటి పెరిగినట్టు కాదు, చెవిమీద పడే శక్తి పదింతలవుతుంది. 110కి పోతే నూరింతలు. మూడు డెసిబెల్‌లు పెరిగితేనే శక్తి రెట్టింపు అవుతుంది. అందుచేత “మా క్వారీలో పరిమితికంటె ఒక పదే ఎక్కువ” అని ఎవరైనా అంటే, పదిరెట్లు ఎక్కువ అని అర్థం చేసుకోవాలి.

ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే శబ్దం 60 డెసిబెల్‌ల ప్రాంతం. రాతిలో రంధ్రాలు వేసే గాలి డ్రిల్లుకు – మనవాళ్లు జాకీహామర్ అంటారు – శబ్దం తగ్గించే అమరిక లేకపోతే, దాన్ని పట్టుకున్న మనిషి చెవి దగ్గర 110 దాటవచ్చు. దాని పక్కనే గాలి కంప్రెసరు, డీజిలు యంత్రం, పొక్లెయిను ఉంటాయి. పలకలు కోసే ఫ్యాక్టరీలో రంపం రాతిని తాకినప్పుడు పుట్టే కీచు శబ్దం మామూలుగా 90 దాటుతుంది.

ఎంత శబ్దంలో ఎంతసేపు ఉండవచ్చు? మన ఫ్యాక్టరీల నియమాల పట్టిక 90 డెసిబెల్‌ల దగ్గర 8 గంటలు, 95 దగ్గర 4 గంటలు, 100 దగ్గర 2 గంటలు, 105 దగ్గర గంట, 110 దగ్గర అరగంట, 115 దగ్గర పావుగంట అంటుంది. ప్రతి అయిదు డెసిబెల్‌లకూ సమయాన్ని సగం చేస్తూ పోతుంది. శక్తి మూడు డెసిబెల్‌లకే రెట్టింపవుతుందని ఇంతకు ముందే చెప్పుకున్నాం. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ 1998లో చేసిన సిఫారసు ఈ శాస్త్ర సత్యాన్ని అనుసరించింది. 85 దగ్గర 8 గంటలతో మొదలుపెట్టి ప్రతి మూడు డెసిబెల్‌లకూ సమయం సగం చేయమన్నది. ఆ లెక్కన 100 డెసిబెల్‌లలో ఉండదగిన సమయం 15 నిమిషాలు. మన పట్టికలో అదే 2 గంటలు. 110 దగ్గర వాళ్ల లెక్క రెండు నిమిషాలు కూడా రాదు, మన లెక్క అరగంట. రెండు పట్టికలూ మనిషి చెవిని గురించినవే. అమెరికావాడి చెవిలోనూ, ఒడిశా కార్మికుని చెవిలోనూ ఉన్నవి అవే రోమకణాలు. తేడా పట్టిక రాసినవారు ఎంత నష్టాన్ని “ఫరవాలేదు” అనుకున్నారన్న దానిలో ఉన్నది. ఈ ఎనిమిది గంటల లెక్క కూడా రోజులో మిగతా పదహారు గంటలు చెవి నిశ్శబ్దంలో ఉంటుందన్న ఊహమీద నడుస్తుంది. క్వారీ గట్టునే రేకుల షెడ్డులో పడుకునే వలస కూలీకి ఆ నిశ్శబ్దం ఎక్కడిది?

ఇది కొత్త రోగం కాదు

వృత్తి వ్యాధుల శాస్త్రానికి ఆద్యుడైన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ 1713లో వెలువడిన తన గ్రంథం రెండవ కూర్పులో వెనీసు నగరపు రాగిపని వారిని గురించి రాశాడు. రోజంతా రాగిరేకులను సుత్తులతో కొట్టడం వల్ల వారి చెవులు మొద్దుబారి, ముసలితనం వచ్చేసరికి పూర్తిగా చెవిటివారవుతున్నారని గుర్తించాడు. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ అనే వైద్యుడు నూరుమంది బాయిలరు పనివారిని పరీక్షించి, వారిలో మామూలు వినికిడి ఉన్నవాడు ఒక్కడూ లేడని ప్రకటించాడు. ఆ కాలంలో ఈ రోగానికి “బాయిలరు పనివాడి చెవుడు” అనే పేరే స్థిరపడింది. అదే 1886లో ఇక్కడ, తెలుగునేల మీద, ఇల్లెందు ప్రాంతపు బొగ్గును తవ్వడానికి హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. అంటే సింగరేణి మొదటి బాయి తవ్వేనాటికే యంత్రపు రొద చెవిని తింటుందని వైద్యశాస్త్రానికి తెలుసు.

సింగరేణిలో తొలి దశాబ్దాలు తట్ట, పార, సమ్మెటల కాలం. శబ్దం క్రమంగా పెరిగింది. కోల్‌కట్టింగు యంత్రాలు, డ్రిల్లులు, కన్వేయర్లు, గాలి తోలే ఫ్యానులు, భూగర్భంలో బొగ్గు ఎత్తే లోడర్లు వచ్చాయి. 1970ల నడుమ ఓపెన్‌కాస్టులు వచ్చి, వాటితో భారీ డంపర్లు, డోజర్లు వచ్చాయి. 1983లో గోదావరిఖనిలో లాంగ్‌వాల్ యంత్రం దిగింది. ప్రతి యంత్రమూ ఉత్పత్తిని పెంచింది, రొదనూ పెంచింది. భూగర్భంలో ఇంకొక చిక్కు ఉన్నది. ఆరుబయట శబ్దం నలుదిక్కులా చెదిరిపోతుంది. ఇరుకైన సొరంగంలో గోడలకు కొట్టుకొని మళ్లీ మళ్లీ చెవికే వస్తుంది.

అమెరికాలో 1996లో చేసిన విశ్లేషణ ప్రకారం, బొగ్గుగని కార్మికులకు యాభై ఏళ్లు వచ్చేసరికి వారిలో సుమారు 90 శాతం మందికి వినికిడి లోపం ఉన్నది. రొదలో పనిచేయని అదే వయసు వారిలో ఆ లోపం 10 శాతం. 1969లోనే గని శబ్దానికి చట్టబద్ధమైన పరిమితి పెట్టుకున్న దేశపు పరిస్థితి ఇది.

గని కార్మికుని చెవి మిగిలిన కార్మికుల చెవివంటిది కూడా కాదు. అతనికి అది పనిముట్టు. పైకప్పు గట్టిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి బొగ్గుగనిలో కడ్డీతో కప్పును తట్టి వింటారు. గట్టి రాయి ఖంగుమంటుంది, విడిపోయిన పొర డొల్లగా మోగుతుంది. కూలబోయే ముందు దుంగలు కిర్రుమంటాయి, కప్పునుంచి పొరలు చిటచిటలాడతాయి. క్వారీలోనైనా అంతే. పైనుంచి జారే చిన్న రాయి చప్పుడు, వెనక్కు వచ్చే టిప్పరు హారను, తోటివాడి కేక – వీటన్నిటినీ చెవే అందుకోవాలి. చెముడు వచ్చిన కార్మికుడు ప్రాణం కాపాడే హెచ్చరికను కోల్పోతాడు. అక్కడ కేక వేసేవాడు తెలుగువాడు, వినవలసినవాడు ఒడియా మనిషి అయితే, సగం చెడిన చెవికి పరాయి భాష తోడైతే, ఆ కేక ఏపాటి పనిచేస్తుందో ఊహించుకోవచ్చు. గని ప్రమాదాల విచారణల్లో “కార్మికుని అజాగ్రత్త” అని రాసే ముందు అతనికి ఎంతవరకు వినబడుతుందో పరీక్షించారా అని అడగవలసి ఉన్నది.

చట్టం ఏమంటున్నది

చట్టం పూర్తిగా మౌనంగా లేదు. పేలుడు పదార్థాలు వాడే గ్రానైటు క్వారీ 1952 గనుల చట్టం ప్రకారం గనే. ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1975లో తన 18వ సాంకేతిక సర్క్యులర్‌లో శబ్దాన్ని గురించి స్పష్టంగా చెప్పింది. 85 డెసిబెల్‌లు హెచ్చరిక స్థాయి, 90 ప్రమాద స్థాయి. 115 దాటిన చోటికి చెవి రక్షణ లేకుండా మనిషిని పంపకూడదు. 140 దాటిన చోటికి ఎవరినీ అసలే పంపకూడదు. 1990లో మరొక సర్క్యులర్ వచ్చింది. 2011లో శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపాన్ని గనుల చట్టం కింద ప్రకటిత వ్యాధుల జాబితాలో చేర్చారు. ప్రకటిత వ్యాధి అంటే, అది కార్మికునికి వచ్చినట్టు తెలిసినప్పుడు యజమాని అధికారులకు తెలియజేసి తీరాలి, చికిత్స చేసిన వైద్యుడు కూడా తెలియజేయాలి. సిలికోసిస్ 1952లోనే ఆ జాబితాకెక్కింది. చెవి ఎక్కడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. గనుల చట్టం, ఫ్యాక్టరీల చట్టం, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. 1923 నాటి నష్టపరిహార చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం వృత్తి వ్యాధిగా కొత్త షెడ్యూళ్లలోనూ ఉన్నది. కనుక కాగితం మీద హక్కు ఉన్నది. దాన్ని చేతికి అందుకోవడంలోనే అడ్డంకులు ఉన్నాయి.

మొదటి అడ్డంకి రుజువు. పనిలో చేరిన రోజున వినికిడి ఎంత ఉన్నదో తెలిస్తేనే, పదేళ్ల తర్వాత ఎంత పోయిందో తేలుతుంది. అందుకు ఆడియోమెట్రీ అనే పరీక్ష ఉన్నది. వేర్వేరు స్థాయిల ధ్వనులు వినిపించి ఏది ఎంత గట్టిగా ఉంటే అందుతుందో గీత గీస్తారు. శబ్దపు చెముడు ఉన్నవారి గీతలో 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. వైద్యుడు దాన్ని చూసి గుర్తుపట్టగలడు. 1955 గనుల నియమాలు చేరేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత అయిదేళ్లకు మించకుండా ఒక్కొక్కసారి వైద్య పరీక్ష చేయించాలన్నాయి. ముఠాలో వచ్చి, మేస్త్రీ పేరుమీద కూలి తీసుకొని, ఆరు నెలలకు మరో క్వారీకి మారిపోయే మనిషికి మొదటి పరీక్ష ఎవరు చేశారు? చేస్తే ఆ కాగితం ఎవరి దగ్గర ఉన్నది? నష్టపరిహార చట్టం ఈ వ్యాధి విషయంలో ఒక యజమాని కింద ఆరు నెలలకు తగ్గకుండా ఎడతెగని పని ఉండాలని షరతు పెట్టింది. చెవిని చెడగొట్టింది పదిమంది యజమానుల రొద అయినప్పుడు, ఏ ఒక్కడూ బాధ్యుడు కాకుండా పోయే వీలున్నది.

రెండవ అడ్డంకి కొలబద్ద. నష్టపరిహార చట్టం మొదటి షెడ్యూలు సంపూర్ణ బధిరత్వాన్ని నూటికి నూరు శాతం సంపాదన శక్తి నష్టంగా లెక్కించింది. శబ్దపు చెముడు సాధారణంగా సంపూర్ణ బధిరత్వం దాకా పోదు. మనిషిని మాటలకు దూరం చేసి అక్కడ ఆగుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మాటల స్థాయిలో రెండు చెవులకూ 60 డెసిబెల్‌ల నష్టం ఉంటేగాని “వినికిడి లోపం గలవాడు” కాడు. భార్య మాట వినబడనివాడు, బస్సులో ఊరి పేరు వినబడనివాడు, మనవరాలి గొంతు అందనివాడు ఈ గీతకు ఇవతలే మిగిలిపోవచ్చు. సమాజం అతన్ని చెవిటివాడంటుంది, సర్కారు చెవిటివాడు కాదంటుంది.

మూడవది భయం. పరీక్షలో లోపం తేలితే పనిలోంచి తీసేస్తారన్న భయంతో కార్మికుడే పరీక్షను తప్పించుకుంటాడు. ఈ భయం అకారణమైంది కాదు. లోపం తేలినవానికి కూలి తగ్గకుండా రొద లేని పని ఇవ్వాలన్న హామీ లేనంతకాలం, పరీక్ష అతనికి రక్షణగా కనబడదు, ఉద్వాసన కాగితంగా కనబడుతుంది.

నివారణ – ఎవరి పని?

యాజమాన్యాలను శబ్దం సంగతి అడిగితే ముందు చూపించేది చెవి మూతలు. మూతలు మంచివే, వాడాలి. చెవిలో దూది పెట్టుకుంటే చాలుననుకోవడం పొరపాటు. అది ఆపేది నామమాత్రం. సరైన మూతకూడా డబ్బామీద రాసినంత రక్షణ ఇవ్వదు. సడలినా, చెమటకు జారినా, గంటలో పది నిమిషాలు తీసినా దాని ఫలితం చాలావరకు పోతుంది. రోహిణి కార్తెలో, నల్లరాతి గుంటలో, వేడి సెగల మధ్య చెవులమీద దొప్పలు బిగించుకొని పది గంటలు ఉండమనడం చెప్పినంత తేలిక కాదు. పైగా అది హెచ్చరిక కేకలను కూడా ఆపవచ్చు.

అందుకే వృత్తి ఆరోగ్య శాస్త్రం మూతను చివరి ఉపాయంగా పెట్టింది. శబ్దాన్ని పుట్టినచోటనే తగ్గించడం మొదటిది. డ్రిల్లు గాలి బయటికి పోయేచోట మఫ్లరు అమర్చవచ్చు. వరసగా రంధ్రాలు వేయడానికి బదులు వజ్రపు తీగ రంపంతో దిమ్మె కోయవచ్చు. అరిగిన బేరింగులు, వదులైన రేకులు మార్చవచ్చు. రెండవది, శబ్దానికీ మనిషికీ మధ్య ఎడం పెంచడం, అడ్డం కట్టడం. ఆరుబయట దూరం రెట్టింపు చేస్తే సుమారు ఆరు డెసిబెల్‌లు తగ్గుతుంది. కంప్రెసరును పనివారికి దూరంగా జరపడానికి పొడుగాటి గొట్టం చాలు. కోత యంత్రానికి గది కట్టవచ్చు, పొక్లెయినుకు మూసిన క్యాబిను పెట్టవచ్చు. మూడవది, పనివారిని వంతులు మార్చడం. ఈ మూడూ జరిగాక మిగిలిన శబ్దానికి చెవి మూత. ఈ వరస తలకిందులు కావడానికి కారణం ధరలో ఉన్నది. మొదటి మూడింటికి ఖర్చు యజమానిది. మూత విషయంలో ఖర్చు స్వల్పం, బాధ్యత కార్మికునిది. చెవి పోతే “మేం ఇచ్చాం, అతను పెట్టుకోలేదు” అనడానికి వీలవుతుంది.

కొలత యంత్రం లేకపోయినా కార్మికులు ప్రమాదాన్ని గుర్తించే మార్గం ఉన్నది. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడడానికి గొంతు పెంచవలసి వస్తే అక్కడ శబ్దం సుమారు 85 దాటిందన్న మాట. పని దిగాక చెవుల్లో మోత ఉంటే, ఇంట్లో రేడియోనో టీవీనో రాను రాను పెంచుతూ ఉంటే, ఆడవాళ్ల, పసిపిల్లల మాట మగవారి మాటకంటె తక్కువగా అర్థమవుతూ ఉంటే, పరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్ష రొదలోంచి వచ్చిన వెంటనే కాక, కనీసం ఒక రాత్రి నిశ్శబ్దంలో గడిపాక చేయించాలి. ఫలితం కాగితాన్ని భద్రపరచుకోవాలి.

డెల్టా వారికి ఇది దూరపు సంగతి కాదు. తెనాలి, రేపల్లె, బాపట్లల్లోని రైసుమిల్లుల్లో, నిజాంపట్నం రేవులోని ఇంజను బోట్లలో, రొయ్యల చెరువుల గట్లమీది జనరేటర్ల పక్కన పనిచేసేవారి చెవులకు కూడా ఇదే శాస్త్రం వర్తిస్తుంది. ఇంజను పక్కనే కూర్చుని రాత్రంతా బోటు నడిపేవానికి ఏ సర్క్యులరు ఎవరు చదివి వినిపించారు?

నవ్వు, సిగ్గు, సాహిత్యం

ఈ వ్యాధి ఇంతకాలం దాగి ఉండడంలో మన భాషకూ కొంత పాత్ర ఉన్నది. గుడ్డివాడిని చూస్తే జాలిపడే లోకం చెవిటివాడిని చూస్తే నవ్వుతుంది. చెవిటివాడి ముందు శంఖమూదితే ఏం కొరుకుతున్నావన్నాడన్న సామెత మనకు నోటికి వచ్చు. అతను ఎందుకు చెవిటివాడయ్యాడో ఆ సామెతకు అక్కర్లేదు. నాటకాల్లో, సినిమాల్లో చెవిటి పాత్ర అడిగినదానికొకటి చెప్పి ప్రేక్షకులను నవ్వించడానికే వస్తుంది. తెనాలి రంగస్థలానికి పేరుమోసిన పట్టణం. ఆ ప్రేక్షకుల్లో వెనక వరసలో కూర్చుని, వేదికమీది మాట అందక, పక్కవాడు నవ్వినప్పుడు తానూ నవ్విన మిల్లు కార్మికులు ఎంతమంది ఉండి ఉంటారో ఎవరూ లెక్క పెట్టలేదు. చెముడు వచ్చిన మనిషి ముందు సభలు మానేస్తాడు, తర్వాత అరుగుమీది కబుర్లు మానేస్తాడు, చివరకు ఇంట్లో మాట్లాడడం తగ్గిస్తాడు. యూనియను సమావేశానికి రానివాడిని చైతన్యం లేనివాడనుకుంటాం. వచ్చినా అతనికి వినబడదన్న సంగతి మనకు తట్టదు.

ఆంధ్ర అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ 1943 ఫిబ్రవరిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన జరిగింది ఈ తెనాలిలోనే. శాస్త్ర విషయాలను మామూలు పాఠకునికి అర్థమయ్యేట్టు దశాబ్దాలపాటు వ్యాసాలు రాసిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరూ ఇదే. అభ్యుదయ సాహిత్యం శ్రామికుని చెమటను చూసింది, ఆకలిని చూసింది, ఊపిరితిత్తుల్లోని దుమ్మును చూసింది. యంత్రపు రొదను మాత్రం చాలాసార్లు సంగీతంగా విన్నది. చక్రాల చప్పుడు, సమ్మెట దెబ్బ, సైరను కూత కొత్త యుగానికి గుర్తులయ్యాయి. ఆనాటి ఆశకు అది సహజమే. ఆ సంగీతాన్ని రోజుకు పది గంటలు దగ్గరనుంచి విన్నవాడు చివరకు ఏ సంగీతమూ వినలేని స్థితికి వచ్చాడన్న వాస్తవం కూడా సాహిత్య వస్తువే. అతను కవిత్వంలో ప్రతీకగా బతకడంతో సరిపోదు, కథలో మనిషిగా రావాలి. పాత్రకు చెముడుంటే అది ఏ క్వారీలో, ఏ మిల్లులో, ఎన్నేళ్ల పనిలో వచ్చిందో రచయిత తెలుసుకొని రాస్తే, సామెత నవ్వుకు జవాబు దొరుకుతుంది.

రచయితల పని అంతవరకు. కార్మిక సంఘాలు అడగవలసినవి మరీ పెద్ద కోరికలు కావు. క్వారీలోనూ కోత ఫ్యాక్టరీలోనూ ప్రతి పనిచోటా శబ్దం కొలిచి ఆ అంకె కార్మికుల భాషలో, అంటే ఒడియాలోనూ హిందీలోనూ కూడా, బోర్డుమీద రాయాలి. చేరిన రోజునే ఆడియోమెట్రీ చేసి కాగితం నకలు కార్మికుని చేతికివ్వాలి, అతను ఏ క్వారీకి పోయినా అది అతనితో పోవాలి. లోపం తేలినవానికి కూలి తగ్గించకుండా వేరే పని ఇవ్వాలి. పలువురు యజమానుల కింద పనిచేసినవాని నష్టాన్ని అందరిమీదా పంచి వసూలు చేసే పద్ధతి రావాలి. వీటిలో ఒక్కటి నెగ్గినా, వచ్చే ఏడు ఒడిశానుంచి రైలు దిగి డ్రిల్లు పట్టుకోబోయే కుర్రవాడు పదిహేనేళ్ల తర్వాత తన పిల్లల మాట వినగలిగే స్థితిలో ఇంటికి పోయే అవకాశం ఉంటుంది.